కోరిక తీరక తిరిగేది బతికున్నవాళ్లే

పదేళ్ల పిల్లవాడు తెల్లవారకముందే కేక పెట్టి లేచాడు. అమ్మ ముఖం గుర్తు రాలేదు, అందుకు. సరిగ్గా అతని నాలుగో పుట్టినరోజు నాడు ఆమెను పూడ్చిపెట్టి వచ్చారు. అప్పటి నుంచి రోజూ నిద్రపోయే ముందు చీకట్లో ఆమెకు ఆనాటి కబుర్లన్నీ చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ పొద్దున మాత్రం ఎంత వెతుక్కున్నా ముఖం కళ్ల ముందు నిలవలేదు. తండ్రి పరుగున వచ్చి గుండెకు హత్తుకున్నాడు. ఇద్దరి తరఫునా తానే గుర్తుపెట్టుకుంటానని మాట ఇచ్చాడు. తర్వాత బట్టలు వేసుకోమని చెప్పి, చెయ్యి పట్టుకుని, ఇంకా నిద్ర లేవని వీధుల్లోంచి ఒక పాత భవనానికి తీసుకువెళ్లాడు.

స్పెయిన్ రచయిత కార్లోస్ రూయిజ్ జాఫోన్ రాసిన ‘ది షాడో ఆఫ్ ది విండ్’ మొదటి పేజీల్లో ఉన్న సంగతి ఇది. కాలం 1945, వేసవి మొదలు. ఊరు బార్సిలోనా. పిల్లవాడి పేరు డానియెల్ సెంపెరె. ఆ భవనం పేరు మరుగునపడ్డ పుస్తకాల శ్మశానం. లోకంలో ఎవరూ తలుచుకోని పుస్తకాలన్నీ అక్కడికి చేరతాయి. మొదటిసారి అడుగుపెట్టినవారు ఒక్క పుస్తకాన్ని ఎంచుకుని, అది ఎప్పటికీ నశించిపోకుండా చూసుకుంటామని మాట ఇవ్వాలి. పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లందరూ ఆ భవనాన్ని తలుచుకుని మురిసిపోతారు. జాఫోన్ పేరెత్తితే చాలు, పుస్తకాల మీద ప్రేమతో పుస్తకం రాసినవాడు అంటారు. నాకు ఆ మాట వింటే ఎప్పుడూ కొంచెం బాధ. ఆ భవనానికి ముందు ఒక కేక ఉంది. ఆ కేకను వదిలేసి భవనాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటే ఆయన రాసిన దాంట్లో సగం మనకు అందనట్టే.

నాకు ఆ నవల హైదరాబాద్ ఆబిడ్స్‌లో దొరికింది. ఆదివారం నాడు మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో, ఇంజనీరింగ్ గైడ్ల కింద. లూసియా గ్రేవ్స్ చేసిన ఇంగ్లిషు అనువాదం. మొదటి పేజీలో ఎవరో ఎవరికో పుట్టినరోజు కానుకగా రాసి ఇచ్చిన రెండు వాక్యాలు ఉన్నాయి. ఆ పేరును గీతలు గీసి కొట్టేశారు. ఎవరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో తెలియదు. బస్సులో ఇంటికి వస్తూ డానియెల్ కేక దగ్గరికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను. నాకు మా నాయనమ్మ గొంతు గుర్తులేదన్న సంగతి ఆ క్షణంలో తెలిసింది.

నాయనమ్మ మంగళహారతులు పాడేది. వీధిలో ఎవరింట్లో పేరంటమైనా ఆమెకు పిలుపు వచ్చేది. బాబాయి ఒకసారి టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టి ఒక కేసెట్టు నిండా పాడించాడు. ఆమె పోయిన రెండేళ్లకు, ఎనిమిదో తరగతిలో ఉండగా, నేను ఆ కేసెట్టు మీద సినిమా పాటలు ఎక్కించాను. అప్పట్లో ఖాళీ కేసెట్టు కొనడానికి డబ్బులు లేవు. ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. అమ్మ మాత్రం కాసేపు ఆ పెట్టెను చేతిలో పట్టుకుని నిలబడి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాయనమ్మ పాడిన పాటలు నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. గొంతు మాత్రం లేదు.

ఇది చెప్పకుండా జాఫోన్ గురించి రాయడం నా వల్ల కాదు. ఎందుకంటే ఆయన పుస్తకాలన్నిటి గురించీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దెయ్యం కథల్లో కోరిక తీరక తిరిగేది చచ్చినవాడు. జాఫోన్ కథల్లో కోరిక తీరక తిరిగేది బతికున్నవాడు. ఆయన పుస్తకాల్లో మనల్ని భయపెట్టే ప్రతి ఆకారం వెనకా, పోయినవారిని పోనివ్వలేని మనిషి ఒకడు ఉంటాడు. భయమూ దుఃఖమూ ఆయనకు వేరు వేరు కావు. ఒకే గదికి రెండు తలుపులు.

జాఫోన్ 1964లో బార్సిలోనాలో పుట్టాడు. ప్రకటనల రంగంలో పనిచేసి, 1993లో పిల్లల కోసం తొలి నవల ‘ది ప్రిన్స్ ఆఫ్ మిస్ట్’ రాశాడు. దానికి బహుమతి వచ్చింది. ఆ తర్వాత అమెరికా వెళ్లి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి సినిమా స్క్రిప్టులు రాస్తూనే నవలలు రాశాడు. పుట్టిన ఊరిని అంత దూరం నుంచి రాశాడన్నమాట. 2001లో ‘ది షాడో ఆఫ్ ది విండ్’ వచ్చి లోకమంతా చదివింది. అదే వరుసలో 2008, 2011, 2016లో మరో మూడు నవలలు వచ్చాయి. 2020 జూన్‌లో, 55 ఏళ్ల వయసులో, పెద్దపేగు కేన్సర్‌తో లాస్ ఏంజెలెస్‌లోనే కన్నుమూశాడు. ఆయన పోయాడన్న వార్త నాకు లాక్‌డౌన్ రోజుల్లో తెలిసింది. లోకమంతా ఎవరి చావుకు ఎవరూ వెళ్లలేని కాలం అది.

ఎక్కడ మొదలుపెట్టమంటారని ఎవరైనా అడిగితే అందరూ ‘ది షాడో ఆఫ్ ది విండ్’ అనే చెబుతారు. నేను ‘మారినా’ అంటాను. 1999లో వచ్చిన చిన్న పుస్తకం. కుర్రవాళ్ల పుస్తకాల అరలో పెట్టేసి చాలామంది దాన్ని దాటిపోతారు. తాను రాసిన వాటిలో ఇది తనకు ప్రత్యేకంగా ఇష్టమైనదని రచయితే చెప్పుకున్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

కథ 1979 చివర్లో మొదలవుతుంది. ఆస్కార్ అనే పదిహేనేళ్ల కుర్రవాడు హాస్టల్లో ఉండి చదువుకుంటూ, సాయంత్రాలు బార్సిలోనాలోని సర్రియా ప్రాంతపు పాడుబడిన మేడల మధ్య తిరుగుతుంటాడు. ఒక మేడలో పాట వినిపించి లోపలికి వెళ్తాడు, ఎవరో కదలగానే బెదిరి పరుగెత్తుకొస్తాడు. తీరా చూస్తే చేతిలో ఆ ఇంటి జేబు గడియారం ఉండిపోతుంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు మారినా పరిచయమవుతుంది. ఆమె అతన్ని ఒక చిన్న శ్మశానానికి తీసుకువెళ్తుంది. నెలలో చివరి ఆదివారం పొద్దున అక్కడికి నల్లబట్టలు వేసుకున్న స్త్రీ ఒకరు వస్తారు. ముఖం కనిపించదు. పేరు లేని ఒక సమాధి మీద ఎర్ర గులాబీ పెట్టి వెళ్లిపోతారు. సమాధి రాయి మీద పేరుండాల్సిన చోట నల్ల సీతాకోకచిలుక బొమ్మ ఉంటుంది.

పిల్లలిద్దరూ ఆమె వెంట పడతారు. ఆ వెంటపడటం వాళ్లను చెట్లు కమ్ముకుపోయిన ఒక గాజు ఇంటికి చేరుస్తుంది. ఒకప్పుడు మొక్కలు పెంచడానికి కట్టిన ఇల్లు. లోపల కుళ్లిన వాసన. ఒక పాత ఆల్బం దొరుకుతుంది. తెరిస్తే అందులో పుట్టుకతోనే అవయవాలు వంకర పోయిన మనుషుల ఫోటోలు. తల పైకెత్తితే పైకప్పు నుంచి కీలుబొమ్మలు వేలాడుతుంటాయి. చెక్క చేతులు, చెక్క కాళ్లు. అన్నీ మనిషంత పొడవు. అవి కిందికి దిగడం మొదలవుతుంది.

ఆ పేజీలు నేను రాత్రి పదకొండు గంటలకు చదివాను. లేచి గదిలో రెండో లైటు వేసిన మాట నిజం. కానీ నన్ను అసలు వదలనిది బొమ్మలు కాదు, ఆల్బం. అంతమంది ఫోటోలు ఎవరు పోగుచేశారు? ఎందుకు పోగుచేశారు? వింత చూడటానికి కాదని పుస్తకం మెల్లగా చెబుతుంది. మిహాయిల్ కొల్వెనిక్ అనే మనిషి ప్రాగ్ నుంచి బార్సిలోనా వచ్చి, కృత్రిమ అవయవాలు తయారుచేసే ఒక కంపెనీకి అధిపతి అయ్యాడు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు మళ్లీ నడకనిచ్చాడు. ప్రకృతి చేసిన అన్యాయాన్ని మనిషి సరిదిద్దాలన్నది అతని పట్టుదల. అది మంచి పట్టుదలే. పెళ్లినాడు భార్య ముఖం మీద ఎవరో యాసిడ్ పోసిన తర్వాత ఆ పట్టుదల ఎటు తిరిగిందో చెప్పను, చదవాలి. ఒక మంచి మనిషి ఏ మెట్టు దగ్గర రాక్షసుడయ్యాడో వేలు పెట్టి చూపించలేం. ప్రతి మెట్టూ ప్రేమతో వేసిందే. నేను ఎన్నో భయానక నవలలు చదివాను. రాక్షసుడి మీద జాలి కలిగించే పుస్తకాలూ చదివాను. రాక్షసుడు చేసిన ప్రతి పనీ ఆ స్థితిలో ఉంటే నేనూ చేసి ఉండేవాడినేమో అనిపించిన పుస్తకం ఇదొక్కటే.

దీనికి సమాంతరంగా, ఆ కథ పక్కనే, మారినా ఇంట్లో ఇంకో దుఃఖం నడుస్తుంటుంది. కరెంటు లేని పెద్ద మేడ. ఆమె తండ్రి హెర్మాన్ చిత్రకారుడు, భార్య పోయాక కుంచె ముట్టుకోలేదు. ఆయనా పోయినదాన్ని తలుచుకుంటూనే బతుకుతున్నాడు. కానీ దాన్ని వెనక్కి తెచ్చే ప్రయత్నం చేయడు. కొవ్వొత్తుల వెలుగులో కుర్రవాడితో చదరంగం ఆడుకుంటాడు. కొల్వెనిక్‌నూ హెర్మాన్‌నూ పక్కపక్కన పెట్టి, ఏ తీర్పూ చెప్పకుండా కథ నడిపాడు జాఫోన్. చివరి అధ్యాయాల్లో ఆ రెండు దుఃఖాల మధ్య నిలబడేది ఆస్కార్. ఏమవుతుందో చెప్పను. ఆ పేజీలు చదివిన రోజున నేను పనికి వెళ్లలేదు.

అంతకు ముందు రాసిన మూడు పుస్తకాల్లో ఈ విత్తనమే కనిపిస్తుంది, ఇంకా మొక్క కాలేదు. ‘ది ప్రిన్స్ ఆఫ్ మిస్ట్’లో వెనక్కి తిరిగే స్టేషన్ గడియారం, సర్కస్ మనుషుల విగ్రహాల తోట గుర్తుండిపోతాయి. 1995లో వచ్చిన ‘ది వాచర్ ఇన్ ది షాడోస్’లో లాజరస్ యాన్ అనే బొమ్మల వ్యాపారి నార్మండీ తీరాన మరబొమ్మలతో నిండిన భవంతిలో ఉంటాడు. జబ్బుతో మంచం పట్టిన భార్య ఒక గదిలో ఉందని, అటు ఎవరూ వెళ్లకూడదని చెబుతాడు. ఆ గదిలో ఏముందన్నదే నవల.

మూడోది ‘ది మిడ్‌నైట్ ప్యాలెస్’. 1994లో రాసింది. దీని గురించి మనవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడాలి, ఎందుకంటే కథ జరిగేది 1932 కలకత్తాలో. నాకు ఈ పుస్తకంతో తగువుంది. బెంగాలీ నవలల అనువాదాలతో పెరిగిన తెలుగు పాఠకులకు కలకత్తా సొంత ఊరంత దగ్గర. జాఫోన్ కలకత్తా ఆ ఊరు కాదు. పేర్లే చూడండి. దుష్టుడి పేరు జవహల్. అమ్మమ్మ పేరు అర్యామీ బోస్. బోస్ సంగతి సరే, జవహల్, అర్యామీ అనేవి బెంగాల్లోనే కాదు, ఈ దేశంలో నేనెక్కడా వినని పేర్లు. 1932 బెంగాల్లో వీధివీధినా ఉన్న స్వాతంత్ర్య పోరాటపు వేడి ఆ పేజీల్లో నాకు తగల్లేదు. దూరపు దేశాన్ని పొగమంచు కోసం వాడుకున్నట్టుంది. అభిమాన రచయిత కదా అని దీన్ని దాచిపెట్టను. అయినా ప్రారంభోత్సవం నాడే పిల్లలతో సహా తగలబడిపోయిన రైలు, ఆ రైలు మళ్లీ మళ్లీ కాలుతూ పాడుబడిన స్టేషన్లోకి దూసుకురావడం అనే ఊహ మాత్రం అసలైన జాఫోన్‌ది. ఒకసారి జరిగిన ఘోరం అయిపోదు, జరుగుతూనే ఉంటుంది. ఆ ఊహకు తగిన ఊరు ఆయన దగ్గర మొదటి నుంచీ ఉంది. అది బార్సిలోనా. అక్కడికి తిరిగి వెళ్లాకే ఆయన రచన నిలబడింది.

బార్సిలోనాయే ఎందుకు అంటే చరిత్ర చెప్పుకోవాలి. 1936లో స్పెయిన్‌లో సైనిక తిరుగుబాటుతో మొదలైన అంతర్యుద్ధంలో, 1938 మార్చి 16 నుంచి 18 వరకు తిరుగుబాటుదారుల పక్షాన ఇటలీ విమానాలు ఆ నగరం మీద బాంబులు కురిపించాయి. సుమారు వెయ్యిమంది చనిపోయారు. 1939 జనవరి 26న తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో సేనలు నగరంలోకి వచ్చాయి. ఊరి నెత్తిన ఉన్న మోంట్‌జుయిక్ కోట వాళ్ల చేతిలోనూ జైలుగానే ఉండిపోయింది. బార్సిలోనా రాజధానిగా ఉన్న కాటలోనియా ప్రాంతపు అధ్యక్షుడు లూయిస్ కొంపాన్స్‌ను 1940 అక్టోబర్‌లో ఆ కోటలోనే కాల్చి చంపారు. ఓడిపోయిన పక్షం వాళ్లకు తమ చనిపోయినవారి కోసం బాహాటంగా ఏడ్చే వీలు కూడా లేకుండా పోయింది. అప్పటిదాకా నియంతగా ఏలిన ఫ్రాంకో 1975లో పోయాక కూడా ఆ నోరు పెగల్లేదు. 1977లో క్షమాభిక్ష చట్టం చేసి, పాత గాయాలు కెలకవద్దని పెద్దలందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. యుద్ధంలో, ఆ తర్వాతి అణచివేతలో నష్టపోయినవాళ్లను సమగ్రంగా గుర్తించే చట్టం 2007 దాకా రాలేదు. ‘మారినా’ కథ నడిచేది సరిగ్గా ఆ నోరు మూసుకున్న తొలి ఏళ్లలో, 1979, 80లలో. జాఫోన్‌కు అప్పుడు దాదాపు ఆస్కార్ వయసే.

చావుకు ఏడ్వనివ్వని ఊళ్లో దెయ్యాలు పుట్టక ఏమవుతాయి? మన దగ్గర పోయినవారికి పదో రోజు, పన్నెండో రోజు, మాసికం, తద్దినం అని లెక్క ఉంది. కాకికి ముద్ద పెట్టి ఎదురుచూస్తాం. నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ లెక్క దుఃఖానికి ఒక గట్టు. ఆ గట్టును ప్రభుత్వమే తెగ్గొడితే నీళ్లు ఎటు పోతాయో జాఫోన్ రాశాడు. అందుకే ఆయన నవలల్లో అతీంద్రియ శక్తులు అలంకారం అనే మాట నేను ఒప్పుకోను. ఆ కాలం గురించి నిజం చెప్పడానికి ఆయనకు దొరికిన భాష అది.

అపరాధ పరిశోధన విషయానికి వస్తే ఈ సంగతి మరీ స్పష్టంగా కనబడుతుంది. మామూలు డిటెక్టివ్ నవలకు ఒక నమ్మకం పునాది. సమాజం మొత్తం మీద మంచిది, హత్య ఒక అపశ్రుతి, హంతకుణ్ణి పట్టుకుంటే మళ్లీ శ్రుతి కుదురుతుంది. ‘ది షాడో ఆఫ్ ది విండ్’లో హంతకుడే పోలీస్ ఇన్‌స్పెక్టర్. పేరు ఫ్యుమెరో. వ్యవస్థే నేరమైనచోట ఎవరికి ఫిర్యాదు చేస్తారు? అందుకే డానియెల్‌కు దారి చూపించేది డిటెక్టివ్ కాదు. చతురమైన మాటలతో, జేబు నిండా సుగుస్ మిఠాయిలతో తిరిగే ఫెర్మిన్ రొమెరో ద తోరెస్. ఒంటి మీద ఫ్యుమెరో పెట్టిన వాతలున్నవాడు, వీధిలో బిచ్చగాడిగా దొరికినవాడు. చిక్కుముడి విడిపోయేది అరెస్టుతో కాదు. నూరియా మోన్‌ఫోర్ట్ అనే ఒంటరి స్త్రీ కూర్చుని రాసి ఉంచిన సుదీర్ఘమైన కాగితాల కట్టతో. అసలు ఎవరు చంపారన్నది జాఫోన్ ప్రశ్న కానే కాదు. ఎవరి ఆనవాలు చెరిపేశారన్నదే ఆయన వెతుకులాట.

డానియెల్ ఎంచుకున్న పుస్తకం హూలియన్ కరాక్స్ అనే అనామక రచయితది. అతని పుస్తకాలను వెతికి వెతికి తగలబెట్టేవాడు ఒకడు తిరుగుతుంటాడు. ముఖం కాలిపోయి ఉంటుంది. తన పేరుగా కరాక్స్ నవలలోని సైతాను పేరు చెప్పుకుంటాడు. పుస్తకాలు కాల్చేవాణ్ణి అసహ్యించుకోవడం పుస్తకప్రియులకు చాలా సులువు. జాఫోన్ ఆ సులువు మనకు దక్కనివ్వడు. అతను ఎందుకు కాలుస్తున్నాడో తెలిసిన చోట నా అసహ్యం ఎక్కడికి పోయిందో తెలియదు. ‘చందమామ’ చదివిన రోజులు గుర్తొచ్చాయి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తూ, ఆ శవం చెప్పే కథ వింటాడు. డానియెల్ చేసింది అదే. చచ్చిపోయాడనుకున్న మనిషిని పదేళ్ల వయసు నుంచి భుజాన మోశాడు. కథలో కథ, అందులో ఇంకో కథ విన్నాడు. మనకు అలవాటైన కథన పద్ధతే కాబట్టేమో, ఇంత మలుపులున్న నవల తెలుగు పాఠకుడికి ఎక్కడా దారి తప్పినట్టు ఉండదు.

ఆయన మీద ఉన్న పెద్ద ఫిర్యాదు మెలోడ్రామా. అన్ని రాత్రులూ వానే, అన్ని మేడలూ పాడుబడినవే, అందరి ప్రేమలూ విషాదాలే. నిజమే. ఇంత మితిమీరిన రచన అందరికీ రుచించదు. కానీ బాహాటంగా ఏడ్వనివ్వని చోటు గురించి రాసే పుస్తకం గొంతు తగ్గించి రాయాలని కోరడం నాకు న్యాయంగా తోచదు. ఆ గొంతు ఎన్నేళ్లుగా తగ్గించి ఉందో తలుచుకుంటే, కొంచెం పెద్దగా ఏడ్చినా ఫరవాలేదనిపిస్తుంది.

నాకున్న అసలు ఫిర్యాదు వేరు. ఆయన బార్సిలోనా నవలల్లో మొదటివాటిలో స్త్రీలు మగవాళ్ల దుఃఖానికి కారణంగానే ఎక్కువ మిగిలిపోతారు. ‘ది షాడో ఆఫ్ ది విండ్’లో కరాక్స్ ప్రేమించిన పెనెలొపె గదిలో బందీ. ‘ది ఏంజెల్స్ గేమ్’లో క్రిస్టినా దూరంగా మెరిసే ఒక బొమ్మ. వాళ్లకు లోపల ఏముందో మనకు దక్కదు. నూరియా ఒక్కతే తన కాగితాలతో ఆ కట్టుబాటు దాటుతుంది. ఈ లోటు రచయితకూ తెలిసినట్టుంది. చివరి నవల ‘ది లాబిరింత్ ఆఫ్ ది స్పిరిట్స్’ను చాలావరకు అలిసియా గ్రిస్ చేతిలో పెట్టాడు. 1938 బాంబుల్లో చిన్నపిల్లగా గాయపడి, ఆ తుంటి నొప్పిని జీవితమంతా మోసే మనిషి. ఆమె ఆ ప్రభుత్వపు రహస్య పోలీసులకే పనిచేస్తుంది. 1959లో కనిపించకుండా పోయిన ఒక మంత్రి కోసం వెతుకుతూ, తాను పనిచేస్తున్న యంత్రం ఏం తిని బతికిందో తెలుసుకుంటుంది. ఖైదీల బిడ్డలను ఎత్తుకెళ్లి అధికారంలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఇచ్చిన ఘోరం ఆ వెతుకులాటలో బయటపడుతుంది. ఇది కల్పన కాదు. స్పెయిన్‌లో నిజంగా అలా బిడ్డలను ఎత్తుకెళ్లారు. నాలుగు నవలల్లో తవ్వుతూ వచ్చిన గొయ్యి అడుగు అక్కడ కనిపిస్తుంది.

మధ్యలోని ‘ది ప్రిజనర్ ఆఫ్ హెవెన్’ నాకు వంతెనలాగే అనిపించింది, ఆగి చూసేంత లేదు. ‘ది ఏంజెల్స్ గేమ్’ మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. డేవిడ్ మార్టిన్ అనే రచయితకు కొరెల్లి అనే ఒక వింత ప్రచురణకర్త లక్ష ఫ్రాంకులు ఇచ్చి, జనం ప్రాణాలిచ్చేంతగా నమ్మే ఒక కొత్త మతానికి గ్రంథం రాయమంటాడు. చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మాలో తెలియక పుస్తకం విసుగ్గా మూసేశాను. మూడేళ్ల తర్వాత మళ్లీ చదివితే అర్థమైంది. ఒంటరితనంతో మతి చెదిరిన మనిషి, లేని తోడును తానే కల్పించుకుంటే ఆ కథను ఇంకెలా చెబుతాడు?

ఇన్ని పుస్తకాలు చదివాక ఒక పని చేశాను. ఊరికి వెళ్లినప్పుడు అటక ఎక్కి ఆ కేసెట్టు వెతికాను. బిస్కెట్ల డబ్బాలో, తుప్పుపట్టిన తాళంచెవుల మధ్య దొరికింది. మా పిన్ని కొడుకు, వరసకు నాకు తమ్ముడు, ఎక్కడి నుంచో టేపు రికార్డరు సంపాదించుకొచ్చాడు. రెండు వైపులా సినిమా పాటలే. రెండో వైపు చివర, ఆఖరి పాట అయిపోయాక, టేపు అయిపోయే ముందు నేను ఎక్కించని ముక్క ఒకటి మిగిలి ఉంది. మూడు సెకన్లు ఉంటుందేమో. నాయనమ్మ పాడటం లేదు. బాబాయిని అడుగుతోంది: “ఇంకా తిరుగుతోందా నాయనా?”

మా తమ్ముడికి కళ్లనీళ్లు తిరిగాయి. మంచివాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు: “అన్నయ్యా, ఇది చాలు. ఇప్పుడు కంప్యూటర్లు కొన్ని సెకన్ల గొంతు ఇస్తే మిగతాది తయారుచేస్తున్నాయి. హారతులన్నీ ఆమె గొంతుతోనే పాడించవచ్చు. నువ్వు అడిగినదానికి జవాబు కూడా చెబుతుంది.”

ఒక్క క్షణం నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. ఆ వెంటనే గాజు ఇల్లు గుర్తొచ్చింది. పైకప్పు నుంచి మెల్లగా దిగుతున్న చెక్క చేతులు గుర్తొచ్చాయి. కొల్వెనిక్ కూడా ఇలాంటి ఒక మధ్యాహ్నం, ఇంతే ప్రేమతో మొదలుపెట్టి ఉంటాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో వాడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ వ్యాసం కొంతవరకు వాడి కోసమే. ఆమె పాడని పాటను ఆమె గొంతుతో వింటే, ఈ మూడు సెకన్లూ అందులో కలిసిపోతాయి. కేసెట్టు మీద నేను రెండోసారి చెరిపినట్టవుతుంది.

సాయంత్రం నాన్నకు వినిపించాను. విని ఏమీ అనలేదు. మళ్లీ వెయ్యమనలేదు. కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. కాసేపటికి, ఎన్నడూ పాడని మనిషి, నాయనమ్మ హారతి ఒకటి సన్నగా అందుకున్నాడు. మూడో చరణం దగ్గర మాట జారిపోయింది. ఆగి, నా వైపు చూశాడు. నేను అందించాను. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.